మందేచ్ఛ: ఒక మాట పుట్టుపూర్వోత్తరములు

కోరికకు పేర్లు పెక్కు. అమరసింహుడు నాట్యవర్గమున దోహదము, ఇచ్ఛ, కాంక్ష, స్పృహ, ఈహ, తృట్టు, వాంఛ, లిప్స, మనోరథము, కామము, అభిలాషము, తర్షము అని 12 పర్యాయపదములను వరుసగా కూర్చినాడు. అంతటితో నిలువక, ఆ కోరికయే మితిమీరినచో దానికి లాలస యని వేరొక పేరు కూడ నిచ్చినాడు. అమరమును బాల్యమున వల్లెవేసినవారికి ఇందు వింత యేమియు తోచదు. కాని క్షణకాల మాగి చూచినచో ఈ పట్టికలో ఒక లోటు కన్పట్టును. సామాన్యమైన కోరికకు పండ్రెండు పేర్లున్నవి. అధికమైన కోరికకు ప్రత్యేకముగా ఒక పేరున్నది. అల్పమైన కోరికకు మాత్రము ఒక్కటియు లేదు. మనస్సున పొడసూపి, కాలు కదల్పక, చేయి చాపింపక, పుట్టినచోటనే అణగిపోవు కోరికను కోశకారుడు పేరు పెట్టి పిలువలేదు.

అచ్చతెనుగున చూచినను స్థితి యింతే. ఉబలాటము, ఉవ్విళ్ళూరుట, తహతహ, ఆరాటము, తమకము, మక్కువ అను మాటలన్నియు కోరిక యొక్క వేగమునే చెప్పుచున్నవి. వేగము లేని కోరికకు జాతీయముగా ఒక నామవాచకము చెప్పుమన్నచో పండితుడైనను తడవుకొనవలసియుండును. లోకమున అట్టి కోరికలు లేవా? లేకపోవుట యటుంచి, మనుష్యుని మనస్సున ఒక దినమున పుట్టు కోరికలలో అధికభాగము ఇట్టివే. పేరు లేని వస్తువు కంటికి కనబడుచున్నను లెక్కకు రాదు. అందుచేత ఇట్టి కోరికకు పేరు పెట్టుకొన్న భాష ఏది, ఆ పేరు ఎట్లు పుట్టినది, అది మన శాస్త్రములలో ఎచ్చట ఇముడును అను విచారము నిష్ప్రయోజనము కాదు.

ఆంగ్లమున "వెలీయిటీ" అను నొక అరుదైన పదము కలదు. నిఘంటువులందు కనబడునే కాని వాడుకలో వినబడుట తక్కువ. కార్యమునకు పురికొల్పజాలని బలహీనమైన కోరిక యని దాని యర్థము. ఆంగ్లమునకు ఈ పదము 17వ శతాబ్ది ఆరంభమున మధ్యయుగపు లాటిన్ నుండి వచ్చినది. లాటిన్‌లో దాని రూపము "వెల్లేయితాస్". ఇందు "వెల్లె" యనునది కోరుట యను అర్థముగల క్రియ. "తాస్" అనునది భావార్థకమైన ప్రత్యయము. కోరుట యను క్రియకు "తనము" చేర్చి "కోరుతనము" అని చెప్పినట్లున్నది ఈ నిర్మాణము. ప్రాచీన రోమకుల సాహిత్యమున ఈ పదము లేదు. మఠములలోను విద్యాపీఠములలోను లాటిన్‌ను శాస్త్రభాషగా వాడుకొన్న మధ్యయుగపు పండితులు తమ యవసరము కొఱకు దీనిని కల్పించుకొనిరి.

ఈ పదములోని రెండు భాగములకును సంస్కృతమున చుట్టరికము కలదు. లాటిన్ "వెల్లె", ఆంగ్లమున "విల్", జర్మన్‌లో "వోలెన్" అనునవి యొకే మూలము నుండి పుట్టినవని తులనాత్మక భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించినారు. ఆ మూలమునుండియే వచ్చినది సంస్కృతమున ఎన్నుకొనుట యను అర్థముగల వృధాతువు. వృణీతే, వరణము, వరము, వరుడు, స్వయంవరము అను మాటలన్నియు ఆ కుటుంబమునకు చెందినవే. మూలభాషలోని లకారము ఇండో-ఇరానీయ శాఖలో ప్రాయికముగా రేఫముగా మారుట సుప్రసిద్ధము. ఇక "తాస్" ప్రత్యయమునకు సోదరమైనది వైదికభాషలోని "తాతి". సర్వతాతి, దేవతాతి, అరిష్టతాతి అను ఛాందసరూపములకై పాణిని చతుర్థాధ్యాయమున తాతిల్ ప్రత్యయమును విధించియున్నాడు. కావున వెల్లేయితాస్ అనునది చూపునకు పరదేశి యైనను దాని ధాతువు, ప్రత్యయము రెండును మన యింటివారికి జ్ఞాతులే.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. తెలుగున వలచు, వలయు, వలపు అను మాటలు కలవు. ధ్వనియందును అర్థమునందును ఇవి లాటిన్ "వెల్లె"కు దగ్గరగా కన్పట్టును. ఇట్టి సామ్యమును చూచి ఉత్సాహపడువారు లేకపోలేదు. కాని వలచు మొదలగునవి ద్రావిడపదములు. వాని బంధువులను వెదకవలసినది ద్రావిడకుటుంబమునందే. క్రమబద్ధమైన ధ్వనిపరిణామము చూపబడనిదే ధ్వనిసామ్యమొక్కటి బంధుత్వమునకు ప్రమాణము కాజాలదు. లాటిన్ పదమునకు దగ్గర చుట్టము వరమే కాని వలపు కాదు.

ఒకే మూలమునుండి పుట్టిన వరము, వెలీయిటీ యను రెండు మాటలు అర్థమున ఎంత దూరము తొలగినవో గమనింపదగినది. వరము అడిగినవానికి అమోఘముగా ఫలించును. వెలీయిటీ అడుగుటకు కూడ నోరు విప్పని కోరిక. మొదటిది ఎన్నుకొనుటలోని దార్ఢ్యమును నిలుపుకొన్నది. రెండవది కోరుటలోని సందిగ్ధతను నిలుపుకొన్నది.

ఆ సందిగ్ధత ఆ పదమునకు ఎట్లు వచ్చినది? దీనికి గ్రీకుదేశము వరకు పోవలసియున్నది. అరిస్టాటిల్ తన నీతిశాస్త్రము మూడవ ప్రకరణమున కోరికను, ఎన్నికను వేరుచేసినాడు. మనుష్యుడు అసాధ్యమైనదానిని కూడ కోరవచ్చును, అమరత్వమును కోరవచ్చును. అట్లే తన ప్రయత్నముచే కానిదానిని, ఒకానొక నటుడో మల్లుడో గెలువవలెనని కోరవచ్చును. కాని ఎన్నుకొనుట యనునది తన వలన కాగలదానియందే సంభవించును. అమరత్వమును నేను ఎన్నుకొంటినని ఎవడైన అనినచో లోకము నవ్వును. ఈ భేదమును క్రైస్తవ వేదాంతులు స్వీకరించి, ఎన్నిక వరకు రాని కోరికకు ప్రత్యేకముగా ఒక సంజ్ఞ కావలసి వెల్లేయితాస్ అను పదమును వాడిరి.

వారిలో ప్రధానుడు 13వ శతాబ్దికి చెందిన థామస్ అక్వినాస్. ఆయన తన మహాగ్రంథమైన "సుమ్మా థియొలోజియే"లో ఈ పదమును పలుచోట్ల ప్రస్తావించినాడు. అసాధ్యమైనదానిని గూర్చిన కోరిక అసంపూర్ణమైన సంకల్పమనియు, దానిని కొందరు వెల్లేయితాస్ అందురనియు, సాధ్యమైనచో కోరియుండెడివాడు అను అర్థమున ఆ పేరు వచ్చినదనియు ఆయన వివరణము. లాటిన్‌లో "వెల్లెత్" అను క్రియారూపమునకు కోరియుండెడివాడు అని యర్థము. ఈ వ్యుత్పత్తి యందలి సూక్ష్మత యేమన, నామవాచకమునకు మూలముగా ఆయన చూపినది కేవలము ధాతువు కాదు, షరతుతో కూడిన క్రియారూపము. తెలుగున "అయినచో బాగుండును" అను వాక్యమును ముద్దచేసి ఒక నామవాచకముగా మార్చినట్లైనది.

ఆయన చూపిన ఉదాహరణములు రెండు. మొదటిది న్యాయాధిపతి. ప్రతి మనుష్యుడును బ్రతుకవలెననియే అతని కోరిక. కాని ఎదుట నిలిచినవాడు హంతకుడైనపుడు అతనికి మరణదండన విధించుటయే ఆతని నిశ్చయము. హంతకుడు కూడ బ్రతికిన బాగుండుననునది ఆ న్యాయాధిపతి హృదయమున ఉండవచ్చును, అది వెల్లేయితాస్. రెండవది క్రీస్తు ప్రార్థన. మరణమునకు పూర్వరాత్రి ఆయన ఈ పాత్ర తననుండి తొలగింపబడవలెనని ప్రార్థించినట్లు సువార్తలు చెప్పుచున్నవి. ఆ ప్రార్థన ఫలింపలేదు గదా, దైవపుత్రుని ప్రార్థన వ్యర్థమగుట ఎట్లు అని శంక. దేహధర్మమును బట్టి పుట్టిన ఆ కోరిక వేరొక కారణము అడ్డుపడనిచో కోరియుండెడిది మాత్రమే కాని, సర్వమును విచారించి చేసిన నిశ్చయము కాదని సమాధానము.

ఈ రెండు ఉదాహరణములందును కోరిక అల్పము కాదు. మరణమును ఎదుట చూచుచున్నవాని ప్రాణాశ ఎంతటి తీవ్రమైనదో చెప్పనక్కరలేదు. కావున అక్వినాస్ వాడిన వెల్లేయితాస్ బలహీనమైన కోరిక కాదు, నిరుద్ధమైన కోరిక. బలహీనమైన కోరిక యను అర్థము తరువాత వచ్చినది. 1689లో వెలువడిన జాన్ లాక్ గ్రంథమున, మనుష్యబుద్ధిని గూర్చిన ఆ ప్రసిద్ధ వ్యాసము రెండవ భాగమున, ఈ మార్పు స్పష్టముగా కనబడును. ఒక వస్తువు లేకపోవుటచే కలుగు అసౌఖ్యమే కోరిక యని లాక్ మతము. ఆ అసౌఖ్యము మిక్కిలి స్వల్పమైనపుడు మనుష్యుడు సాధనముల జోలికి పోక, ఏదో అనుకొని ఊరకుండును. కోరిక యొక్క అట్టడుగు మెట్టునకు ఆయన ఈ పదమును వాడినాడు. అక్వినాస్ చేతిలో కోరికను ఆపునది బయటి అడ్డంకి. లాక్ చేతిలో కోరికను ఆపునది దాని సొంత దౌర్బల్యము. నాలుగు శతాబ్దములలో ఒక్క పదము చేసిన ప్రయాణమిది.

ఇతర భాషలలో ఆ ప్రయాణము మఱికొన్ని దారులు పట్టినది. ఫ్రెంచిలో "వెలెయితే" నేటికిని వాడుకలో నున్న మాట; సంకల్పించుచు ఏదియు పూర్తిచేయనివానికి దానినుండి పుట్టిన విశేషణము కూడ కలదు. ఇటాలియన్‌లో అది శక్తికి మించిన, నెరవేరని ఆశయములను చెప్పుచున్నది. స్పానిష్‌లో "వెలెయిదాద్" చపలత్వము, నిలుకడలేమి యను అర్థమునకు వచ్చినది. ఆంగ్లమున మాత్రము ఈ పదము పండితుల భాషకు పరిమితమై నిలిచినది; 1915లో ప్రకటితమైన టి. ఎస్. ఎలియట్ కవిత "పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ లేడీ"లో దీని బహువచనరూపము వాడబడినది. మందమైన కోరికయే కాలక్రమమున డంబముగా, చాపల్యముగా, నిరర్థకత్వముగా అర్థపరిణామము చెందుట లోకానుభవమునకు విరుద్ధము కాదు.

ఇక మన శాస్త్రముల సంగతి. న్యాయవైశేషికులు ఇచ్ఛను ఆత్మగుణములలో చేర్చినారు. ఎఱుగును, కోరును, యత్నించును అను క్రమము వారికి ప్రసిద్ధము. జ్ఞానమునకు ఇచ్ఛ, ఇచ్ఛకు ప్రయత్నము కార్యములు. మఱి ఇచ్ఛ పుట్టియు ప్రయత్నము పుట్టనపుడు ఏమందురు? 17వ శతాబ్దికి చెందిన విశ్వనాథ న్యాయపంచాననుడు ముక్తావళిలో ప్రవృత్తికి కారణమైన చికీర్షను విడిగా నిర్వచించినాడు. చేయవలెనను ఇచ్ఛ చికీర్ష. అది కలుగుటకు ఈ పని నా ప్రయత్నముచే సాధ్యమను జ్ఞానము కావలెను. ఇది నా కిష్టమైనదానికి సాధనమను జ్ఞానము కావలెను. బలవత్తరమైన అనిష్టము దీనివలన కలుగునను జ్ఞానము ఉండరాదు. వర్షము కురియవలెనని రైతునకు ఇచ్ఛ యున్నను చికీర్ష యుండదు, అది కృతిసాధ్యము కాదు గనుక. తేనెతోను విషముతోను కలిసిన అన్నమును ఆకొన్నవాడు తినడు, బలవదనిష్టము తెలిసినది గనుక.

ఈ కొలబద్దతో చూచినచో పాశ్చాత్యుల పదము మూడు వేర్వేరు స్థితులను ఒక్క పేరున కలిపివేసినదని తెలియును. అమరత్వమును కోరువానికి కృతిసాధ్యతాజ్ఞానము లేదు. హంతకుడు బ్రతుకవలెనని కోరు న్యాయాధిపతికి బలవదనిష్టజ్ఞానము ప్రతిబంధకము. లాక్ చెప్పినవానికి ఈ రెండును అడ్డుగా లేవు. పని తనవలన అగునని తెలియును, మేలని తెలియును, కీడు లేదనియు తెలియును. అయినను కదలడు. అతని యందు లోపించినది ఇచ్ఛ యొక్క ఉత్కటత్వము. తార్కికులు సంశయమును గూర్చి చెప్పునపుడు ఒక కోటి బలముగా నున్నచో ఉత్కటకోటికమందురు. ఆ పరిభాషనే ఇచ్చటికి తెచ్చి లాక్ చెప్పినదానిని అనుత్కటేచ్ఛ యనవచ్చును. సులభముగా మందేచ్ఛ యనినను దోషము లేదు. ఇచ్ఛామాత్రమను మాట మాత్రము ఇచ్చట పనికిరాదు. ఈశ్వరుని విషయమున ఇచ్ఛామాత్రముచే సృష్టి యనినపుడు ప్రయత్నాంతరము అక్కరలేని అమోఘసంకల్పమని అర్థము. మాండూక్యకారికలలో ప్రస్తావింపబడిన సృష్టివాదములలో నిదియొకటి. మనుష్యుని విషయమున ఆ మాటయే వ్యర్థత్వమును చెప్పును. ఒకే పదము రెండు కొనలను పట్టుకొనియున్నపుడు పరిభాషకు యోగ్యము కాదు.

మందత్వము కూడ ఒక్క విధమైనది కాదు. ఆఱిపోవు దీపము మందము; అప్పుడే వెలుగుచున్న దీపమును మందమే. కాశ్మీరశైవాచార్యుడైన సోమానందుడు శివదృష్టిలో ఇచ్ఛకు పూర్వరంగమైన ఔన్ముఖ్యమను దశను చెప్పినాడు. నిశ్చలముగా నున్న నీరు అలగా మారబోవు వేళ తొలిసారి కదలు కదలిక, పిడికిలి బిగియబోవు వేళ చేతియందు కలుగు మొదటి చలనము ఆయన చూపిన దృష్టాంతములు. ఇది సూక్ష్మము, అయినను సర్వశక్తికి మొదలు. లాక్ చెప్పినదియు సూక్ష్మమే, అది చివర. బయటినుండి చూచువానికి రెండింటికిని భేదము తెలియదు. తరువాత ఏమి జరిగినదో చూచినగాని, ఆ కదలిక అలకు మొదలో, అడగుచున్న అలకు తుదియో చెప్పుట కష్టము.

కోశమున లేని పేరు వ్యాకరణమున దొరకుట కలదు. స్పృహధాతువు ప్రయోగమున కోరబడినదానికి సంప్రదానసంజ్ఞను పాణిని విధించినాడు. అందుచే పువ్వులను కోరుచున్నాడనుటకు "పుష్పేభ్యః స్పృహయతి" అని చతుర్థి వచ్చును. కాని "పుష్పాణి స్పృహయతి" అని ద్వితీయయు కలదు. ఈ రెండింటికిని వ్యవస్థ చెప్పుచు భట్టోజిదీక్షితుడు కౌముదిలో, ఈప్సితమాత్రమైనపుడు చతుర్థి యనియు, ప్రకర్షను చెప్పదలచినపుడు కర్మసంజ్ఞ యే వచ్చుననియు నిర్ణయించినాడు. అనగా ఊరక కోరబడిన పువ్వునకు ఒక విభక్తి. మిక్కిలిగా కోరబడిన పువ్వునకు వేరొక విభక్తి. అమరకోశము పేరు పెట్టని భేదమును అష్టాధ్యాయి విభక్తితో చూపినది.

సన్నంతప్రక్రియలో నింకొక భేదము కలదు. ఇచ్ఛార్థమున సన్ ప్రత్యయము రావలెనన్నచో కోరువాడు, చేయువాడు ఒక్కడే కావలెను. తాను చదువవలెనని కోరువాడు పిపఠిషతి. కుమారుడు చదువవలెనని తండ్రి కోరినచో ఆ రూపము చెల్లదు. మల్లుడు గెలువవలెనని కోరు ప్రేక్షకుని కోరికను అరిస్టాటిల్ ఎన్నిక కాదని వేరుచేసినాడు. అదే కోరికను పాణిని సన్నంతమునకు అర్హము కాదని వెలుపల నిలిపినాడు. ఇరువురికిని పరస్పర పరిచయము లేదు. ఒకడు నీతిని విచారించుచు, ఒకడు పదసాధుత్వమును విచారించుచు ఒక్క గీటునే గీసిరి. ఆశంకార్థమున కూడ సన్ వచ్చునని వార్తికకారుడు చేర్చినాడు. కూలబోవు నదీతీరమును పిపతిషతి అందురు. తీరమునకు కోరిక యెక్కడిదను శంకను భాష్యకారుడు చర్చించినాడు. కోరిక లేని గట్టు కూలుటకు సిద్ధముగా నుండును. కోరిక గల మనుష్యుడు చేయుటకు సిద్ధముగా నుండడు. సన్ ప్రత్యయమునకు ఈ యిద్దఱును సమానులే.

తెలుగు ఈ విషయమున వాక్యనిర్మాణమును ఆశ్రయించినది. "నేను కాశికి పోదలచితిని" అనునది ఒక వాక్యము. "నాకు కాశికి పోవలెనని యున్నది" అనునది వేరొకటి. మొదటి దానిలో కోరువాడు కర్త, క్రియ అతనిది. రెండవ దానిలో అతడు చతుర్థిలో నిలిచినాడు. కోరిక అతనికి వచ్చి ఉన్నది. ఆకలి యగుట, నిద్ర వచ్చుట, జ్వరము తగులుట ఏ వరుసలో చెప్పుదుమో ఆ వరుసలోనే ఈ కోరికను చెప్పుచున్నాము. మొదటి వాక్యము పలికినవానిని "ఎప్పుడు బయలుదేరుచున్నారు?" అని అడుగవచ్చును. రెండవ వాక్యము పలికినవానిని అట్లు అడిగినచో తొందరపెట్టినట్లగును. అతడు మాట ఇచ్చినవాడు కాడు. తన మనఃస్థితిని నివేదించినాడు, అంతే. కావున మందేచ్ఛకు తెలుగున నామవాచకము లేదనుట నిజమే గాని, దానిని తెలుపు ఉపాయము లేదనుట నిజము కాదు. తెలుగువాడు దానికి విడిగా పేరు పెట్టుకొనలేదు, దాని చోటు వాక్యముననే ఉన్నది గనుక.

ఇంతవరకు చేసిన విచారము కేవలము పదములకు సంబంధించినదే యైనచో ఇచ్చట ముగింపవచ్చును. కాని కోరికకు, పూనికకు నడుమనున్న ఈ సందులో పోవు వస్తువులు లోకమున పెక్కు కలవు. ప్రశస్తపాదుడు తన సంగ్రహమున ఇచ్ఛాభేదములను చెప్పుచు కామము, అభిలాషము, రాగము, సంకల్పము, కారుణ్యము, వైరాగ్యము, ఉపధ, భావము అని యెనిమిదింటిని పేర్కొన్నాడు. వానిలో సంకల్పమునకు ఆయన ఇచ్చిన అర్థము, ఆసన్నము కాని క్రియను గూర్చిన ఇచ్ఛ. దగ్గర లేని పనిని కోరుట సంకల్పము. నేడు దృఢనిశ్చయమను అర్థమున వాడబడుచున్న మాటకు వైశేషికుడు చెప్పిన అర్థము మందేచ్ఛకు ఎంత పొరుగున నున్నదో చూడదగును.

పూజకు కూర్చున్నవాడు చేయు సంకల్పమును ఇచ్చట తలచుకొనవలెను. ఏ ద్వీపము, ఏ వర్షము, ఏ నదికి ఏ దిక్కు, ఏ సంవత్సరము, ఏ అయనము, ఏ మాసము, ఏ తిథి, ఏ వారము, ఏ గోత్రమువాడు, ఏ పేరువాడు అని విస్తరముగా చెప్పించి, పిమ్మట గాని చేయబోవు కర్మను చెప్పింపరు. పామరునకు ఇది పంచాంగపఠనము వలె తోచును. కాని దూరమున నున్న క్రియను దేశకాలకర్తలతో బంధించి ఆసన్నము చేయుటకు ఇంతకంటె వేరు మార్గమేది? "ఎప్పుడో" యనునది తిథిగా మారినది. "ఎక్కడనో" యనునది ఈ స్థలముగా మారినది. "ఎవరో" యనునది ఈ గోత్రమువాడుగా మారినది. మీమాంసకులు దీనిపై నింకొక మెట్టు కట్టినారు. కామ్యకర్మను చేయుమని ఎవరును నిర్బంధింపరు. కోరిక గలవాడు చేయును, లేనివాడు మానును. కాని ఒకసారి ఆరంభించినచో నడుమ కోరిక నశించినను దానిని పూర్తిచేయవలసినదే యని జైమిని షష్ఠాధ్యాయమున సిద్ధాంతము. కోరిక కట్టదు, ఆరంభము కట్టును. భర్తృహరి విఘ్నభయమున మొదలుపెట్టనివారిని, విఘ్నము తగిలి విడిచిపెట్టువారిని, ఎన్ని విఘ్నములు తగిలినను విడువనివారిని మూడు తరగతులుగా చెప్పినాడు. మందేచ్ఛ గలవాడు ఆ మూడింటను లేడు. అతడు విఘ్నమునకు భయపడువాడు కూడ కాడు. విఘ్నమున్నదో లేదో తెలిసికొనునంత దూరమైనను పోయినవాడు కాడు.

తెలుగు వాఙ్మయచరిత్రలో ఈ భేదమునకు నిదర్శనములు కావలసినచో దూరము పోనక్కరలేదు. 1820లో కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ నాటికి తెలుగు కావ్యములు తప్పులతడకలైన ప్రతులలో నశించుచున్నవని తెలియనివారు లేరు. వానిని బాగుచేసిన బాగుండునని అనుకొనినవారును ఉండియే యుందురు. బ్రౌన్ తన బంగళాలో పండితులను నిలిపి, తన జీతము నుండి వారికి జీతములిచ్చి, అప్పులపాలై, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులను సేకరించి, పాఠములను పోల్పించి, శుద్ధప్రతులను వ్రాయించినాడు. 1829లో వేమన పద్యములు, 1852లో తెలుగు-ఆంగ్ల నిఘంటువు ఆ పూనికకు ఫలములు. ఆయన సేకరించిన ప్రతులు నేటికిని చెన్నపట్టణపు ప్రాచ్యలిఖితపుస్తక భాండాగారమున ఉన్నవి. నన్నెచోడుని కుమారసంభవము తంజావూరు గ్రంథాలయమున ఎంతకాలము పడియున్నదో. 1909లో మానవల్లి రామకృష్ణకవి దానిని ప్రకటించువరకు తెలుగులోకమునకు ఆ కవి లేడు. వీరి కోరిక ఇతరుల కోరికకంటె గొప్పదని చెప్పుటకు ఆధారము లేదు. వీరు దానికి తిథివారనక్షత్రములు పెట్టుకొనిరి, అంతియే భేదము.

తాటియాకు కొంతకాలము ఓపికపట్టును. నూనె పట్టించి, గుడ్డ చుట్టి, పలకల నడుమ బిగించి యుంచినచో పెక్కు తరములు నిలుచును. పిమ్మట పురుగు తొలుచును, అంచులు విరుగును, త్రాడు దూర్చిన రంధ్రము చుట్టును అక్షరములు రాలును. పూర్వము ప్రతి తరమువారును తిరిగి వ్రాసికొనిరి గనుకనే గ్రంథములు మనవరకు వచ్చినవి. 2003లో భారతప్రభుత్వము పాండులిపుల కొఱకు జాతీయసంస్థను నెలకొల్పి, దేశమునందలి లిఖితప్రతుల వివరములను సేకరింప మొదలిడినది. పట్టికలో చేరిన ప్రతి చదువబడినట్లు కాదు. చదువబడినది పరిష్కరింపబడినట్లు కాదు. పాతలిపి చదువగలిగి, ఛందస్సు తెలిసి, పాఠభేదములను తూచగలిగినవాని చేతిలో పడినగాని ఆ ఆకు గ్రంథము కాదు. అట్టివారిని తయారుచేయుటకే ప్రాచ్యకళాశాలలు పుట్టినవి. ఆ విద్య నేర్చినవారి సంఖ్య తగ్గుచున్నకొలది ఆకులకు మిగిలిన గడువును తగ్గుచున్నది.

ప్రాచ్యకళాశాలలలో పనిచేయువారికి ఈ వాక్యము సుపరిచితము: "ఆ ప్రతిని ఎప్పుడైన పరిష్కరింపవలెనని యున్నది." ఇది అసత్యము కాదు, కపటమును కాదు. చెప్పినవానికి ఆ కోరిక నిజముగా నున్నది. కృతిసాధ్యమని అతనికి తెలియును; ఇష్టసాధనమని తెలియును; అనిష్టము లేదనియు తెలియును. వాక్యము చతుర్థితో మొదలైనది, అంతే. ఆ వాక్యమునే ప్రథమతో మొదలుపెట్టి, ఏ ప్రతి, ఏ గ్రంథాలయమున నున్నది, ఏ దినమున మొదటి ఆకు విప్పబడును, దినమునకు ఎన్ని ఆకులు వ్రాసికొనబడును అని చెప్పినచో అది చికీర్ష యగును. మొదటి ఆకు వ్రాసికొనిన దినమునుండి జైమిని చెప్పిన ఆరంభనియమము తన పని తాను చేయును. ఎన్నడో రోమకుల భాషలో వెల్లేయితాస్ అను పేరు పొందిన ఈ స్థితికి తెలుగున మందేచ్ఛ యను సంజ్ఞను స్థిరపరచుకొనుట వలన ఒక సౌకర్యము కలదు. అప్పుడు "నాకు ఉన్నది" అని పలికినవాడు తనకు ఉన్నది ఏదియో పేరుతో తెలిసికొనగలుగును.